కొండ కింద ఎంతసేపు ఉంటున్నారు? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే అడిగాయి. కొండప్రాంతానికి టూర్ వెళ్తున్నాం, కొండచరియలు పడతాయేమోనని భయంగా ఉంది, ఏం చూసుకోవాలి అని. నేను ముప్పై ఏళ్లు రాళ్లూ మట్టీ చూసే పనిలోనే గడిపాను, అందులో సగం ఘాట్ రోడ్ల మీదే. కొండలకి వెళ్లడం మానేయమని చెప్పను, నేనూ వెళ్తూనే ఉంటాను. కానీ ఏ నెలలో వెళ్తున్నాం, ఎక్కడ ఆగుతున్నాం, ఎక్కడ పడుకుంటున్నాం అన్న మూడింటి దగ్గర మాత్రం నేను చాలా మొండిగా ఉంటాను, ఎందుకో కింద జవాబుల్లో చూడండి.

ప్రశ్న: సార్, అమ్మానాన్నల్ని చార్‌ధామ్ పంపిద్దామనుకుంటున్నా. నాన్నకి 67, అమ్మకి 62. మే నెలలో ప్యాకేజీ రేటు చాలా ఎక్కువుంది, అదే జులై ఆఖర్లో అయితే సగం రేటుకే ఇస్తామంటున్నారు. రోడ్లు బాగున్నాయి, ఏం భయం లేదని ట్రావెల్స్ వాళ్లు చెప్తున్నారు. పంపొచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జులై ఆఖర్లో వద్దు బాబూ. రేటు సగం అయ్యిందంటే ఆ రోజుల్లో తెలిసినవాళ్లు ఎవరూ వెళ్లట్లేదనే అర్థం.

మీ ఊళ్లోనే, బాలానగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్లు 2023లో దేశం మొత్తానికి కొండచరియల అట్లాస్ ఒకటి తెచ్చారు. 1998 నుంచి 2022 దాకా దాదాపు 80 వేల కొండచరియలు ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తించి, 147 జిల్లాలకి వరస నంబర్లు ఇచ్చారు. అందులో మొదటిది రుద్రప్రయాగ్, రెండోది టెహ్రీ గఢ్వాల్. కేదార్‌నాథ్ ఉన్నది రుద్రప్రయాగ్ జిల్లాలోనే. ఆ వరసకి ఎన్నిసార్లు పడ్డాయన్నదొక్కటే లెక్క కాదు, దాని కింద ఎంతమంది జనం, ఎన్ని ఇళ్లు, ఎంత రోడ్డు ఉన్నాయో కూడా చూశారు. అంటే జనం, ఇళ్లు, రోడ్లు ఎక్కువున్న చోట లెక్క పెరుగుతుంది.

తేదీలు చూడండి. కేదార్‌నాథ్ వరద 2013 జూన్ 16, 17. గౌరీకుండ్‌లో రాత్రిపూట కొండ జారి రోడ్డు పక్క దుకాణాలు కొట్టుకుపోయింది 2023 ఆగస్టు మొదటి వారంలో. గంగోత్రి దారిలో ధరాలీ బురద కింద పోయింది 2025 ఆగస్టు 5న. మే నెలలో పంపండి, లేదంటే సెప్టెంబర్ ఆఖరు దాటాక అక్టోబర్‌లో పంపండి. 2013లో వాన ముందే వచ్చేసింది కాబట్టి జూన్ రెండో సగాన్ని కూడా నేను నమ్మను.

ధరాలీ సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే హోటల్ ఎంచుకోడానికి పనికొస్తుంది. అక్కడ ఖీర్ గంగ అనే వాగు కొండల మధ్య ఇరుకు సందులోంచి దూకి వచ్చి భాగీరథిలో కలుస్తుంది. ఆ కలిసే చోట వాగు వేల ఏళ్లుగా రాళ్లూ ఇసకా తెచ్చి పోసి విసనకర్ర ఆకారంలో ఒక మేట వేసింది. కొండల్లో చదును జాగా దొరకడమే అరుదు కదా, దాంతో హోటళ్లు, హోమ్‌స్టేలు అన్నీ ఆ మేట మీదే లేచాయి. హిమాలయాల్లో ఎక్కడైనా చదునుగా అందమైన జాగా కనపడితే, ఈ మట్టిని ఇక్కడికి ఎవరు తెచ్చారు అని అడగాలి. తెచ్చిన వాగు మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేదు. జోషీమఠ్ కూడా అంతే, పాత కొండచరియ మట్టి మీద కట్టుకున్న ఊరు, అక్కడ పెద్ద కట్టడాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది, 2023 జనవరికి ఇళ్ల గోడలు నిలువునా పగిలాయి.

అందుకని ట్రావెల్స్ వాళ్లని హోటళ్ల పేర్లు ముందే అడిగి తీస్కోండి. ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి హోటల్ వెనక కొండ మీద సరిగ్గా అటువైపే దిగుతున్న వాగు ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే హోటల్ మార్పించండి. ఇంకోటి, టూర్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచండి. టైము చాలక రాత్రిపూట, వానలో, డ్రైవర్ని తొందరపెట్టి నడిపించే ప్రయాణాల్లోనే ఎక్కువమంది చిక్కుకుంటారు.

ప్రశ్న: నమస్తే సార్, నేను ఎస్.కోట నుంచి అరకుకి టెంపో నడుపుతాను. అనంతగిరి ఘాట్‌లో నీళ్లు జారే చోటల్లా ఫొటోలకి ఆపమంటారు కస్టమర్లు, ఆపకపోతే మొహం మాడ్చుకుంటారు, రేటింగ్ తక్కువిస్తారు. రాళ్లు పడే చోటు ముందే తెలుసుకోవచ్చా? – ఒక డ్రైవర్

తెలుసుకోవచ్చు తమ్ముడూ, నువ్వు రోజూ తిరిగేవాడివి కాబట్టి నాకన్నా నీకే బాగా తెలుస్తుంది, చూసే పద్ధతి మాత్రం చెప్తా.

మొదట తారు చూడు. రాయి పడ్డ చోట తారు మీద చిన్న గుంట, చుట్టూ తెల్లగా గీరిన మచ్చ ఉంటుంది. పారాపెట్ గోడ విరిగి ఉన్నా, రెయిలింగ్ బయటికి వంగి ఉన్నా అది ప్రతిసారీ లారీ గుద్దే కాదు, రాయి కూడా గుద్దుతుంది. తర్వాత పైకి చూడు. కొండ రాయి ఎండకీ వానకీ నల్లబడి, నాచు పట్టి ఉంటుంది, మధ్యలో ఎక్కడైనా తాజాగా ఎర్రగానో తెల్లగానో మచ్చ కనపడితే అక్కణ్ణుంచి ఈమధ్యే ముక్క ఊడిందన్నమాట. అనంతగిరి వైపు ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. గట్టిగా ఉన్నప్పుడు రాజులాంటిది, కానీ నీరు పట్టి పాతబడితే ఇటుక రంగు మట్టిగా, మెత్తటి సుద్దగా మారిపోతుంది. ఆ సుద్దలో ఇంకా గట్టిగా మిగిలిన బండలు పనసపండులో గింజల్లా ఇరుక్కుని ఉంటాయి. వానకి సుద్ద కరిగిందంటే బండ దొర్లుతుంది.

ఇప్పుడు నీ ఫొటోల లెక్క. రాళ్లు పడే ముక్క 200 మీటర్లు అనుకో, ఇరవై స్పీడులో నువ్వు దాన్ని 36 సెకన్లలో దాటేస్తావు. అదే చోట అరగంట ఆపావనుకో, 1800 సెకన్లు. యాభై రెట్లు! కొండ అదే, రాయి అదే, వాన అదే, నువ్వు ఆపావు కాబట్టి నీ బండికి రాయి తగిలే అవకాశం యాభై రెట్లు పెరిగింది. పైగా సీట్లో కూర్చున్న పదిహేనుమంది తలల మీద రేకైనా లేకుండా కిందకి దిగి నిలబడ్డారు. అమెరికాలో హైవే వాళ్లు రాళ్లు పడే వాలు ఎంత ప్రమాదమో మార్కులేసే పద్ధతి ఒకటి ఉంది, అందులో కొండ ఎత్తు, రాతి పగుళ్లతో పాటు ఆ ముక్క కింద సగటున ఎన్ని బండ్లు ఉంటాయి అన్నదానికి కూడా మార్కులుంటాయి. ఆదివారం ఘాట్‌లో ట్రాఫిక్ జామ్ అయ్యిందంటే ఆ మార్కు ఎక్కడికి పోతుందో నువ్వే ఊహించుకో.

హిమాచల్ కిన్నౌర్ జిల్లాలో బట్సేరి దగ్గర 2021 జులై 25న కొండ మీంచి దొర్లిన బండలు టెంపో ట్రావెలర్‌కి తగిలి తొమ్మిదిమంది టూరిస్టులు పోయారు, ఆ బండలు తగిలి కింద బస్పా నది మీద ఇనప వంతెన కూడా విరిగింది. నీ కస్టమర్లకి ఆ సంగతి చెప్పు. నీళ్లు జారే చోట వద్దు, ముందు గాలికొండ వ్యూ పాయింట్‌లో ఆపుతా, అక్కడ ఎంతసేపైనా తీసుకోండి అని ముందే చెప్పేస్తే మొహం మాడ్చుకోరు. ఇంక ఘాట్‌లో ముందు చిన్న గులకరాళ్లు టపటపా పడుతుంటే దిగి చూడకు, హారన్ కొట్టి వెనకవాళ్లని ఆపి రివర్స్‌లో వెళ్లిపో.

ప్రశ్న: మాది లంబసింగి దగ్గర. కాఫీ తోట ఉంది, చలికాలం టూరిస్టులు బాగా వస్తున్నారని నాలుగు రూములు వేద్దామనుకుంటున్నాం. జేసీబీతో కొండ కోసి చదును చేస్తే సరిపోద్దా? గోడ కట్టాలా? – ఒక పాఠకురాలు

అమ్మా, మీరు జేసీబీ పిలవకముందు అడిగారు చూడండి, అది చాలా సంతోషం. ఎక్కువమంది గోడ ఉబ్బాక అడుగుతారు.

కొండ వాలుని కింద కోయడమంటే బస్తాల దొంతరలో అడుగు బస్తా లాగడమే. లాగిన రోజు ఏం కాదు. ఆ ఏడూ కాకపోవచ్చు. మట్టి గోడ ఇళ్లు చూసి ఉంటారు కదా, వాన కురుస్తున్నంతసేపూ నిలబడి, వాన వెలిసి ఎండ కాసిన మర్నాడు కూలతాయి, ఎందుకంటే నీరు లోపలికి చేరడానికి టైము పడుతుంది. కొండా అంతే. లోపల నిండిన నీరు మట్టి రేణువుల్ని విడదీసి తోస్తుంది, అప్పుడు పట్టు పోతుంది. అందుకే రెండో రోజు, మూడో రోజు వాన మీద నాకు ఎక్కువ భయం.

జపాన్‌లో కొండవాలు కూలే ప్రమాదం మీద 2000లో చట్టం చేశారు. 30 డిగ్రీలకి మించిన వాలు, అయిదు మీటర్లకి మించిన ఎత్తు ఉంటే, దాని అడుగు నుంచి ఆ ఎత్తుకి రెండు రెట్ల దూరం వరకూ హెచ్చరిక ప్రాంతం కింద లెక్కేస్తారు, గరిష్ఠంగా 50 మీటర్లు. మీ వెనక వాలు ఏడు మీటర్లుంటే రూములు పద్నాలుగు మీటర్లు ఇవతలకి రావాలన్నమాట. మన దగ్గర అలా ఎవరూ అడగరు, కానీ ఆ కొలత గుర్తుపెట్టుకుని రూములు కడితే మీకే మంచిది. కోయక తప్పదు అనుకుంటే ఒకే నిలువు గోడలా కాకుండా మెట్లు మెట్లుగా కోయించండి, పై అంచు మీద కాలవ తవ్వి వాననీటిని పక్కకి మళ్లించండి, సోక్‌పిట్, నీళ్ల ట్యాంకు రెండూ వాలు పైన పెట్టొద్దు, ట్యాంకు లీకయితే నెలలపాటు కొండలోకే ఇంకుతుంది, ఎవరూ గమనించరు.

గోడ సంగతి. ఒక కొండప్రాంతపు రిసార్ట్‌లో నేను కళ్లారా చూసిందిది. రాతి గోడ బ్రహ్మాండంగా కట్టారు, మధ్యలో నీళ్లు బయటికి రావడానికి గొట్టాలు కూడా వదిలారు. వానాకాలం ఆ గొట్టాల్లోంచి ఎర్రనీళ్లు వచ్చి కింద పార్క్ చేసిన కార్ల మీద పడుతున్నాయని, గెస్టులు గొడవ చేస్తున్నారని, ఒక్కో గొట్టానికీ సిమెంటు పెట్టి మూసేశారు! పైన తెల్ల రంగు కూడా వేశారు నీటుగా. నేను వెళ్లేసరికి గోడ మధ్యలో చెయ్యి పెడితే తెలిసేంత ఉబ్బు వచ్చింది, పగుళ్లలోంచి సన్నగా నీరు చెమర్చుతోంది. ఆ రోజే కింద రూములు ఖాళీ చేయించాం. గోడ మట్టిని ఆపుతుంది గానీ నీటిని ఆపలేదమ్మా, నీటికి దారి వదలాలి.

మీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లు ఉంటాయిగా, ఒకసారి వరస చూసుకోండి. మొదలు దగ్గర వంగి తర్వాత నిటారుగా పెరిగిన చెట్లు వరసగా కనపడితే ఆ నేల కొంచెం కొంచెంగా జారుతోందని అనుమానించాలి, అక్కడ రూము వద్దు. 2024 సెప్టెంబర్ వానల్లో మీ పక్కనే గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు పడి ఇళ్లు పోయిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: తిరుమల ఘాట్‌లో వలలు కట్టారు కదా, ఇంక భయం లేనట్టేనా? – తిరుపతి నుంచి

తగ్గింది, పోలేదు. తిరుమల కొండల్లో కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ రాయి. ఈ రాయి చాలా గట్టిది, కానీ నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి, పెట్టెలు పేర్చినట్టు. పగుళ్లలోకి చెట్ల వేళ్లు, నీళ్లు దూరితే పెట్టె మొత్తం ఊడుతుంది. 2021 డిసెంబర్ 1న తెల్లవారుజామున ఎగువ ఘాట్ రోడ్డు మీద పడ్డ బండలు అలాంటివే, దానికి ముందు నవంబరంతా కురిసిన వాన గుర్తుందా, ఆ వానలకే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. వల చిన్న రాళ్లని ఆపుతుంది, గది అంత బండని ఆపాలంటే దాన్ని కొండకి బిగించే ఇనప కడ్డీలు, అంటే రాక్ బోల్టులు కావాలి, లేదా ముందే పగలగొట్టి దించెయ్యాలి. వలలో నిండిన రాళ్లని ఎప్పటికప్పుడు తీస్తుండాలి కూడా. భారీ వానలప్పుడు ఘాట్ మూస్తే విసుక్కోకండి, దర్శనం టికెట్ కంటే అదే ముఖ్యం.

ప్రశ్న: సర్, కొండచరియల మ్యాప్‌లో మా టూర్ స్పాట్ పచ్చరంగులో ఉంది. అంటే సేఫ్ కదా? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

కాదు నాయనా. జియలాజికల్ సర్వే వాళ్లు దేశంలో కొండచరియలు పడే ప్రాంతాలకి వేసిన మ్యాప్ 1:50,000 స్కేలుది. అంటే మ్యాప్ మీద ఒక సెంటీమీటర్ నేల మీద 500 మీటర్లు. ఒక రిసార్ట్ అందులో పెన్సిల్ చుక్క కూడా కాదు. ఆ మ్యాప్ జిల్లా స్థాయి ప్లానింగ్‌కి, రోడ్డు ఎటునుంచి వెయ్యాలి అనేదానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, నీ గది వెనక కోసిన గట్టు గురించి ఏం చెప్పదు. ఇంకోటి, అది ఎక్కడ జారే స్వభావం ఉందో చెప్తుంది, ఎప్పుడు జారుతుందో కాదు. ఎప్పుడు అన్నదానికి వాన కావాలి. అందుకే 2024 జులైలో కోల్‌కతాలో జాతీయ స్థాయి కొండచరియల అంచనా కేంద్రం పెట్టి, డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి లాంటి కొన్ని జిల్లాలకి ముందుగా బులెటిన్లు ఇవ్వడం మొదలెట్టారు. ఊటీ వెళ్లేవాళ్లు అది చూడాలి. మిగతా చోట్లకి వాతావరణ శాఖ అలర్టే దిక్కు, 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ, 204 దాటితే అత్యంత భారీ. ఆ మాటలు వార్తల్లో వినపడితే ఘాట్ ప్రయాణం వాయిదా వెయ్యి.

ప్రశ్న: మేం బే ఏరియాలో ఉంటాం. ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వస్తున్నారు, యోసెమిటీ తీసుకెళ్లాలి. అక్కడా రాళ్లు పడతాయా? – ఒక పాఠకురాలు

పడతాయమ్మా, అదీ వానాకాలం అని లేకుండా. అక్కడి గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది, ఎండకి వ్యాకోచించి కూడా ఊడుతుంది. కానీ వాళ్లు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. 2008 అక్టోబర్‌లో గ్లేసియర్ పాయింట్ అనే కొండ నుంచి రాళ్లు పడి కింద టూరిస్టులు బస చేసే కర్రీ విలేజ్‌లో క్యాబిన్లు దెబ్బతిన్నాయి. ఎవరూ చనిపోలేదు. అయినా రెండొందలకి పైగా వసతుల్ని శాశ్వతంగా మూసేశారు. తర్వాత లోయ అంతా తిరిగి, కొండ నుంచి బాగా దూరం దొర్లిపోయిన పాత బండలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎప్పుడు పడ్డాయో లెక్కగట్టి 2012లో ఒక గీత గీశారు, గీత దాటి కొండవైపు ప్రమాదం ఎక్కువని. డబ్బులొచ్చే గదులు మూసుకోవడం తేలిక కాదు, మనవాళ్లు కూడా ఎప్పటికైనా ఇది చెయ్యాలని నా కోరిక. మీరు నిశ్చింతగా తీసుకెళ్లండి, మూసేసిన ట్రెయిల్స్‌లోకి మాత్రం దూరొద్దు.

ప్రశ్న: సార్ నమస్తే, పోయినేడు ఆగస్టుల మేం ఆరుగురం దోస్తులం మున్నార్ పోయినం. రాత్రంత ఒకటే వాన, హోటల్ ఎన్క వాగు సప్పుడు, ఎవ్వరం నిద్రపోలే. ఏం జేయాల్నో తెల్వలే. అసుంటప్పుడు ఏం జేయాలె? – వరంగల్ నుంచి

మీరు నిద్రపోకపోవడమే మంచి పని. మున్నార్ దగ్గరే పెట్టిముడిలో 2020 ఆగస్టు 6 రాత్రి తేయాకు తోట కూలీల లయాలు, అంటే వరస ఇళ్లు, మట్టి కింద పోయి 70 మంది చనిపోయారు. వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఘటన 2024 జులై 30న రాత్రి ఒంటిగంట దాటాక మొదలైంది. కొండ మీద 1550 మీటర్ల ఎత్తులో ఊడిన మట్టి, బండలు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పారాయి. చూరల్‌మల వాళ్లకి ఆ కొండ నెత్తిమీద ఉన్నట్టు కూడా అనిపించి ఉండదు. దానికి ముందు అక్కడ రెండు రోజుల్లో 570 మిల్లీమీటర్ల పైన వాన పడింది, కల్పెట్టలో ఉన్న హ్యూమ్ సెంటర్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తమ వానకొలతలు చూసి పదహారు గంటల ముందే హెచ్చరించారు కూడా. పక్కనే పుత్తుమలలో 2019లో ఇలాగే జరిగింది. ఒకసారి జారిన చోటుకి దగ్గర్లో రూము దొరికితే ఎంత చవకైనా తీసుకోకండి.

రాత్రి వాగు సప్పుడు వింటూ ఉండండి. సప్పుడు పెరిగితే ఒక భయం, వాన ఆగకుండానే వాగు ఒక్కసారిగా తగ్గిపోతే అంతకంటే పెద్ద భయం, పైన ఎక్కడో మట్టి అడ్డం పడి నీరు ఆగిందని అర్థం, అది తెగితే గోడలా వస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి చిక్కటి బురదగా మారి కొమ్మలు, వేర్లతో రావడం, రాళ్లు ఒకదానికొకటి కొట్టుకునే గుడగుడ చప్పుడు, పచ్చి మట్టి వాసన, ఇవి తెలిస్తే సామాను, కారు అన్నీ వదిలెయ్యండి. వాగు వెంట కిందకి పరిగెత్తొద్దు, బురద మనకన్నా స్పీడుగా వస్తుంది, వంతెన కూడా దాటొద్దు. వాగుకి పక్కగా, ఎత్తు వైపు ఎక్కాలి. బయటికి వెళ్లే వీల్లేకపోతే పై అంతస్తులో కొండకి అటువైపు ఉన్న గదిలోకి వెళ్లాలి, కొండవైపు గోడే ముందు కూలుతుంది.

చీకట్లో దారి వెతుక్కోవడం కుదరదు కాబట్టి, దిగిన రోజు సాయంత్రమే వెలుతురు ఉండగా ఆరుగురూ కలిసి ఆ ఎత్తు దాకా ఒకసారి నడిచి చూసుకోండి, పది నిమిషాల పని. బూట్లు, టార్చి మంచం పక్కనే పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఉంచండి. ఈసారి మున్నార్ వెళ్తే జనవరిలో వెళ్లండి, వాన ఉండదు, పొద్దున్నే తేయాకు తోటల మీద మంచు కూడా పడుతుంది.